ఉప్పుటేటి ఊరు

అరబ్బీలో ఖోర్ అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయ. యానాంలో పుట్టినవాడికి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మావైపు దాన్ని ఉప్పుటేరు అంటాం. ఆటుకు బురద బయటపడుతుంది, పోటుకు నీళ్ళు మడ చెట్ల నడుముదాకా ఎక్కుతాయి, పీతలు బొరియల్లోకి పరుగెడతాయి. ఖతర్ తూర్పు తీరంలో, దోహాకి 50 కిలోమీటర్ల ఉత్తరాన అలాంటి పాయ ఒకటుంది. దాని ఒడ్డున పుట్టిన ఊరికి వేరే పేరు వెతకలేదు. అల్ ఖోర్ అన్నారు. ఉప్పుటేరు అని.

నేను ఇక్కడికి వచ్చింది 2010లో. అంతకు ముందు గాడిమొగలో పైపుల పని చేశాను. 2009 ఏప్రిల్‌లో కృష్ణా గోదావరి గ్యాసు మొదటిసారి ఒడ్డుకు చేరినప్పుడు అక్కడే ఉన్నాను. ఆ అనుభవమే ఇక్కడి రాస్ లఫాన్ గ్యాసు ప్లాంట్లలో ఉద్యోగం తెచ్చిపెట్టింది. అల్ ఖోర్‌లో ఇల్లు, రోజూ బస్సులో రాస్ లఫాన్. మొదటి అయిదేళ్ళూ అందరిలాగే నేనూ దీన్ని ఊరు అనలేదు. గల్ఫులో మనవాళ్ళ నోట ఊరు అన్న మాటకు అర్థం ఒక్కటే. "ఊరెప్పుడు వెళ్తున్నావు?" అంటే ఇండియా ఎప్పుడు వెళ్తున్నావని. ఇక్కడున్నది క్యాంపు, రూము, విల్లా, కమ్యూనిటీ. ఎన్నేళ్ళున్నా ఊరు మాత్రం కాదు.

దీన్ని ఊరు అనడం నాకు నేర్పింది ఒక గుల్లల దిబ్బ.

ఊరి పక్కన ఖాతంలో, మట్టికట్ట మీదుగా నడిచి చేరుకోగలిగిన చిన్న దీవి ఒకటుంది. అసలు పేరు జజీరత్ బిన్ గన్నామ్. అందరూ పిలిచే పేరు పర్పుల్ ఐలాండ్, అంటే ఊదా దీవి. శీతాకాలం సెలవురోజున పిల్లల్ని తీసుకుని జనం వస్తారు, కొందరు పడవ తెడ్లు వేస్తూ మడ చెట్ల మధ్య తిరుగుతారు. దూరంగా లోతు తక్కువ నీళ్ళలో రాజహంసలు నిలబడి ఉంటాయి, పులికాట్‌లో లాగానే. ఆ మడ చెట్టును చూడగానే పోల్చుకున్నాను. వేళ్ళు పెన్సిళ్ళలా బురదలోంచి పైకి పొడుచుకొచ్చి, ఆకు వెనుక తెల్లగా ఉప్పు పట్టి ఉన్న ఆ చెట్టు మా కోరంగి అడవిలో పెరిగే జాతే. ఎడారి దేశంలో, ఏడాదికి 80 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని చోట, మా గోదావరి చెట్టు నిలబడి ఉంది.

దిబ్బ కనిపించింది ఆ తర్వాత. చిన్నచిన్న నత్తగుల్లలు, అన్నీ పగిలినవే. మా చిన్నప్పుడు ఊళ్ళో గుల్ల కాల్చి సున్నం చేసేవాళ్ళు, అదే తెలుసు కాబట్టి ఇదీ సున్నపు గుల్లే అనుకున్నాను. కానీ సున్నానికైతే గుల్లను కాలుస్తారు గానీ ఒక్కొక్కటీ పగలగొట్టరు కదా. ఇంటికొచ్చి చదివాక తెలిసింది. ఇది రంగు తీసిన చోటు. క్రీస్తుకు పూర్వం 1400, 1100 మధ్య ఇక్కడ సముద్రపు నత్తల నుంచి ఊదా రంగు తీశారు. దిబ్బలో ఉన్న నత్తలు దాదాపు 30 లక్షలని లెక్కవేశారు.

ఆ లెక్క వేసేందుకు దారి చూపింది ఫ్రెంచివాళ్ళు. ఖతర్‌లో పురావస్తు పరిశోధన 1950ల చివర్లో డెన్మార్క్ బృందాలతో మొదలైంది. 1973లో బ్రిటన్ నుంచి బియాట్రిస్ డి కార్డీ బృందం వచ్చింది. 1976 నుంచి జాక్ టిక్సియే నాయకత్వంలో ఫ్రెంచి బృందం పనిచేసింది. ఈ దీవిని తవ్వి చూసింది ఆ బృందమే. మా యానాంలో ఫ్రెంచివాళ్ళు 1954 దాకా ఉన్నారు. వాళ్ళ మాట, వాళ్ళ వీధి పేర్లు, వాళ్ళ చర్చి వింటూ చూస్తూ పెరిగాను. వాళ్ళు వెళ్ళిపోయిన ఊరి నుంచి వచ్చి, వాళ్ళు తవ్విన దిబ్బ ముందు నిలబడి ఉన్నానన్నమాట. ఈ ఊరితో నాకు మొదట కుదిరిన చుట్టరికం అదేననిపిస్తుంది.

రంగు తీసే పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఊరి తర్వాతి కథంతా దానిలోనే ఉందని నా నమ్మకం. ఆ నత్తలో చిన్న గ్రంథి ఉంటుంది. దానిలోని ద్రవానికి మొదట రంగుండదు. గాలి, ఎండ తగిలే కొద్దీ పసుపుగా, ఆకుపచ్చగా, నీలంగా మారి చివరికి వంగపండు ఛాయకు వస్తుంది. ఒకసారి బట్టకు పట్టిందంటే ఉతికినా ఎండకేసినా వదలదు. అందుకే అది రాజుల రంగయింది. కానీ ఒక నత్తలో ఉండేది పిసరంత. 1909లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త పాల్ ఫ్రీడ్‌లాండర్ మధ్యధరా సముద్రపు నత్తలతో ప్రయోగం చేస్తే, 12,000 నత్తల నుంచి 1.4 గ్రాముల రంగు వచ్చింది. ఇక్కడి నత్త వేరే రకం కనుక లెక్క అచ్చంగా సరిపోదు. అయినా ఆ చొప్పున చూస్తే 30 లక్షల నత్తల ఫలం 350 గ్రాములు. కిరాణా కొట్టులో పసుపు పొట్లం అంత.

ఆ పొట్లం కోసం ఎందరో ఏళ్ళ తరబడి ఈ బురదలో నత్తలు ఏరారు, రాతితో కొట్టారు, పెద్ద కుండల్లో నానబెట్టారు, కుళ్ళిన మాంసపు కంపులో పనిచేశారు. దీవిలో దొరికిన కుండ పెంకులు కస్సైట్ల పద్ధతివి. అప్పట్లో బాబిలోన్ నాలుగు వందల ఏళ్ళు వాళ్ళ ఏలుబడిలో ఉంది. రంగు ఉత్తరాన ఇరాక్‌లోని రాజుల ఒంటిమీదకు వెళ్ళి ఉంటుంది, గుల్లలు ఇక్కడ మిగిలాయి. ఆ రాజుల పేర్లు చరిత్ర పుస్తకాల్లో వరసగా ఉన్నాయి. నత్తను కొట్టినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. కానీ వాళ్ళు కొట్టిన దెబ్బ ప్రతి గుల్ల మీదా ఉంది.

అంతకంటే పాత జాడలు కూడా ఈ చుట్టుపక్కల దొరికాయి. ఏడువేల ఏళ్ళ కిందటి, దక్షిణ ఇరాక్‌లోని ఉబైద్ కాలపు రంగు గీతల కుండ పెంకులు అల్ ఖోర్ తీరంలో బయటపడ్డాయి. ఆ కుండలు వాడినవాళ్ళు చేపలు పట్టి, ఎండబెట్టుకుని తిన్న మనుషులు. ఆ సంగతి పండితులకే వదిలేస్తాను.

మన కంటికి కనిపించే ఊరు చాలా తర్వాతిది. దాని పుట్టుక ఒక నీటి చుక్క దగ్గర మొదలవుతుంది. ఐన్ హ్లీతాన్ అనే బావి ఉంది, సముద్రానికి కూతవేటు దూరంలో. ముహన్నదీ తెగవాళ్ళు వేటకు వచ్చి కుందేలును తరుముతూ పోతే అది ఈ చోట ఆగిందని, అక్కడ నీరు కనిపించిందని ఊరివాళ్ళు చెప్పుకుంటారు. మన పల్లెల్లోనూ కుందేలు కుక్కను ఎదిరించిన చోట కోట కట్టారని కథలున్నాయి. ఇక్కడ కుందేలు నీళ్ళు చూపించింది. ఆ నీటితో రోగాలు నయమవుతాయని బావికి వైద్యుడని కూడా పేరుండేది. ఉప్పుటేటి ఒడ్డున మంచినీటి బావి విలువ ఎంతో మాకు తెలుసు. మా అమ్మమ్మ వాళ్ళ లంకలో అలాంటి బావి ఒక్కటే ఉండేది. తాళ్ళు ఒరుసుకుని గట్టు రాయి మీద గాడులు పడి ఉండేవి.

బావిని, రేవును కాపాడుకోవడానికి 1900 ప్రాంతంలో బురుజులు కట్టారు. మూడు నిలిచి ఉన్నాయి, గుండ్రంగా, పొట్టిగా, తెల్లగా. కోట బురుజుల ఆడంబరం వాటికి లేదు. సముద్రపు రాళ్ళు, సున్నపురాళ్ళతో కట్టి, జిప్సం పూత పూశారు. వాటి పక్కన నిలబడి తూర్పుకు చూస్తే ఖాతమంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. రాత్రిపూట తెలియని పడవ వస్తే ముందుగా తెలిసేది ఇక్కడి కావలివాడికే. పాత ఇళ్ళ కప్పులు చూసినప్పుడు నాకు ఇంకో విషయం తట్టింది. దూలాలు ఆఫ్రికా తూర్పు తీరపు మడ కర్రలు. వాటి మీద పరిచిన వెదురు బద్దలు ఇండియావి. పడవలకు టేకు మలబారు నుంచి వచ్చేది. చెట్టు లేని ఊరు సముద్రం అవతలి అడవులన్నిటి కర్రతో ఇల్లు కట్టుకుంది.

ఆ కర్ర కొన్న డబ్బంతా ముత్యాల నుంచి వచ్చింది. ఇక్కడ ఆగి నెమ్మదిగా చెప్పాలని ఉంది.

వేసవి ముదిరాక, జూన్ ప్రాంతంలో, పడవలు బయల్దేరేవి. సెప్టెంబరు దాకా నాలుగు నెలలు సముద్రంలోనే. పడవకు పెద్ద నఖూదా. మునిగేవాడు గైస్. పైనుంచి తాడు పట్టి లాగేవాడు సైబ్. అలసట తెలియకుండా పాడటానికే ఒకడుండేవాడు, అతను నహ్హామ్. గైస్ ముక్కుకు ఫితామ్ అనే క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని, మెడలో వలబుట్టతో దిగేవాడు. నిమిషమో, నిమిషంన్నరో కింద చేతికందిన ఆల్చిప్పలు కోసుకుని తాడు కదిపితే సైబ్ పైకి లాగాలి. సైబ్ ఏమరుపాటుగా ఉన్నాడంటే గైస్ ప్రాణం పోయినట్టే. అందుకే ఆ ఇద్దరి మధ్య నమ్మకం అన్నదమ్ముల కంటే గట్టిదనేవారు. రోజుకు యాభై మునకల దాకా. పగలు దాదాపు ఖాళీ కడుపు, కడుపు నిండితే మునగలేరు కనుక. కళ్ళు, చెవులు పాడైపోయేవి. ఒంటి మీద ఉప్పు పుండ్లు.

సీజను మొదట్లో ఇంటి ఖర్చుకు నఖూదా దగ్గర బయానా తీసుకునేవాళ్ళు. ముత్యాలు సరిగా పడని ఏడు అప్పు తీరేది కాదు, మరుసటి ఏడు మళ్ళీ అదే పడవ ఎక్కాలి. తండ్రి పోతే అప్పు కొడుకు మీదకు వచ్చేది. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు నిద్ర పట్టలేదు. వీసా కోసం ఏజెంటుకివ్వడానికి చేసిన అప్పు తీరకుండానే మంచాన పడిన మనుషుల్ని కోనసీమలోనూ, జగిత్యాల వైపు నుంచి వచ్చిన స్నేహితుల మాటల్లోనూ చూశాను. అప్పు పత్రం మీద సంతకం మారింది గానీ సముద్రం వైపు నెట్టే చెయ్యి అదే.

మునిగినవాళ్ళలో అందరూ స్వేచ్ఛగా వచ్చినవాళ్ళు కారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళు కూడా గల్ఫ్ పడవల్లో పనిచేశారు. ఖతర్‌లో బానిసత్వాన్ని రద్దు చేసింది 1952లో. దోహాలోని మ్షెరిబ్‌లో 2015లో తెరిచిన బిన్ జల్మూద్ ఇల్లు అనే మ్యూజియం ఈ కథను దాచకుండా చెబుతుంది. అల్ ఖోర్ గురించి తెలుసుకోవాలనుకున్నవాళ్ళు ముందు ఆ ఇంటికి వెళ్ళి రావాలని నేను అందరికీ చెబుతాను. దేశం తన గాయం తానే చూపించడం పెద్ద విషయం.

ఇంత కష్టపడి తెచ్చిన ముత్యాలు ఎక్కడికి పోయేవి? బొంబాయికి. అక్కడి నుంచి ప్రపంచమంతా, మన హైదరాబాదుకు కూడా. హైదరాబాదు ముత్యాల నగరమని అంటాం గానీ అక్కడ సముద్రం లేదన్న సంగతి ఎవరూ పట్టించుకోరు. మన పెద్దవాళ్ళు గొప్పగా చెప్పుకునే బస్రా ముత్యం అంటే గల్ఫ్ నీళ్ళలో పండిన ముత్యమే. బస్రా దాన్ని అమ్మిన బజారుల్లో ఒకటి. నిజాం ఆభరణాలను భారత ప్రభుత్వం 1995లో కొన్నది. వాటిలో ఏడు పేటల సత్లడా హారం ఉంది, బస్రా ముత్యాలతో కూర్చినది. ఆ ముత్యాల్లో ఒక్కటైనా ఈ ఉప్పుటేటి పడవ తెచ్చిందా అన్నది చెప్పగలవాళ్ళు లేరు. ముత్యానికి ఊరి పేరు అంటుకోదు. కానీ సముద్రం ఇదే, తాడు లాగిన పద్ధతి ఇదే.

బొంబాయి నుంచి తిరిగి వచ్చేది బియ్యం, బట్ట, వెదురు, రూపాయి. అవును, మన రూపాయే ఇక్కడ చెల్లేది. బంగారం దొంగరవాణాకు అడ్డుకట్ట వేయడానికి 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫుకని ప్రత్యేకంగా నోట్లు అచ్చువేసింది. 1966లో మన రూపాయి విలువ తగ్గించాక ఖతర్ దాన్ని వదిలేసింది. సముద్రం ఒడ్డు వెంబడి పోయే కార్నిష్ రోడ్డు మీద సాయంత్రాలు కూర్చునే ఒక ఖతరీ పెద్దాయనతో నాకు కొన్నాళ్ళు పరిచయం ఉండేది. నా అరబ్బీ అంతంతమాత్రం, ఆయన హిందీ నాకంటే మెరుగు. "సదీక్, మా నాన్న జేబులో మీ రూపాయి ఉండేది" అని నవ్వారు ఒకసారి. డబ్బు సంపాదించడానికి మేమే ఇటు వస్తున్నామనుకున్నాను అప్పటిదాకా. ఒకప్పుడు మన నోటు కూడా ఇటు వలస వచ్చిందని ఆయన వల్ల తెలిసింది.

ముత్యాల ఊరు చాలా తొందరగా కూలింది. జపాన్‌లో మికిమొటో మొదలుపెట్టిన పెంపకపు ముత్యాలు 1920లలో బజారుకు వచ్చాయి. 1929 నుంచి ప్రపంచమంతా డబ్బుకు కటకటలాడింది. కొనేవాడు లేక పడవలు ఒడ్డునే ఎండాయి. జనం వలసపోయారు, ఇక్కడివాళ్ళు ఆ రోజుల్ని ఆకలి సంవత్సరాలని ఇప్పటికీ తలచుకుంటారు. మా కోరంగి కూడా ఇలా ఒక రాత్రిలో చచ్చిన రేవే. ఓడలు కట్టిన ఊరు 1839 నవంబరు ఉప్పెనతో తుడిచిపెట్టుకుపోయింది. కోరంగిని గాలి చంపింది, అల్ ఖోర్‌ను ఎక్కడో పెంచిన ముత్యం చంపింది. తేడా ఏమిటంటే ఈ ఊరికి రెండో బతుకు దొరికింది. దేశానికి పడమర దిక్కున దుఖాన్‌లో 1939 చివర్లో చమురు పడింది, 1949 చివరి రోజున మొదటి ఎగుమతి బయల్దేరింది. నిన్నటి గైస్‌లు, సైబ్‌లు చమురు కంపెనీ కూలీలయ్యారు.

పాత రేవు ఇప్పటికీ ఉంది. పడవలు కూడా ఉన్నాయి, చెక్కవి, అయితే తెరచాప బదులు ఇంజను. రేవు గట్టు మీద ఇనప తీగతో అల్లిన గోపురం ఆకారపు బుట్టలు గుట్టలుగా పడి ఉంటాయి. వాటిని గర్‌గూర్ అంటారు. చేప లోపలికి దూరగలదు, బయటకు రాలేదు. మావైపు వెదురుతో అల్లే మావుల తెలివే అందులోనూ ఉంది. పొద్దున్నే చేపల మార్కెట్టుకు వెళ్తే హామూర్, సాఫీ, షెయిరీ, కనద్. కనద్ అంటే మన వంజరం. మా ఆవిడ మొదటి ఏడాది మార్కెట్టులో చేపల పేర్లు ఒక కాగితం మీద ఎడమవైపు అరబ్బీలో, కుడివైపు తెలుగులో రాసుకుంది. జుబైదీ పక్కన చందువా అని రాసి రెండు గీతలు గీసింది. ఆ కాగితం ఇంకా మా ఫ్రిజ్ తలుపుకు ఉంది. కార్నిష్ మీద ఒకప్పటి పోలీసు ఠాణా భవనంలో చిన్న మ్యూజియం నడిచింది. ఊదా దీవి వస్తువులు, ముత్యాలవాళ్ళ పనిముట్లు అందులో ఉంచారు.

ఇక గ్యాసు. ఇది నా అన్నం గనుక దాని గురించి తక్కువే చెబుతాను. ఖతర్‌కు ఈశాన్యంగా సముద్రం అడుగున ఉన్న నార్త్ ఫీల్డ్‌ను 1971లో షెల్ కంపెనీ కనుగొంది. ఇరాన్ వైపున్న భాగాన్ని కలుపుకుంటే ప్రపంచంలో అంత పెద్ద గ్యాసు నిల్వ మరొకటి లేదు. మొదట్లో చమురు దొరకలేదని నిరాశపడ్డారట. గ్యాసును మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిచి ద్రవంగా మారిస్తే అది ఆరువందల్లో ఒక వంతు చోటులో ఇముడుతుంది, ఓడకు ఎక్కుతుంది. రాస్ లఫాన్ నుంచి 1996 డిసెంబరులో మొదటి ఓడ జపానుకు బయల్దేరింది. ముత్యాల బతుకును దెబ్బతీసిన దేశమే గ్యాసుకు మొదటి బేరం అయింది. 2004 జనవరిలో ఇక్కడి ఓడ గుజరాత్‌లోని దహేజ్ చేరింది. 2010 చివరికి ఖతర్ సామర్థ్యం ఏడాదికి 7.7 కోట్ల టన్నులకు పెరిగింది.

రాస్ లఫాన్‌లో ఊరు కట్టడానికి లేదు, అది పూర్తిగా పారిశ్రామిక నగరం. కాబట్టి పనిచేసేవాళ్ళకు అల్ ఖోరే ఇల్లయింది. గ్యాసు కంపెనీలు ఉద్యోగుల కుటుంబాల కోసం చెట్లు, బడి, ఆటస్థలాలతో ఒక కమ్యూనిటీ కట్టాయి. 2005లో ఆసుపత్రి వచ్చింది. మరోవైపు వేలమంది ఒంటరి మగవాళ్ళకు క్యాంపులు వెలిశాయి. అల్ ఖోర్, దఖీరా కలిసిన మునిసిపాలిటీ జనాభా 2015 లెక్కల్లో 2,02,031. పడవలవాళ్ళ చిన్న ఊరు ఒక్క తరంలో అంత అయింది. మడతలు నలగని చొక్కాతో కమ్యూనిటీ గేటులోకి వెళ్ళే ఇంజనీరూ, ఎనిమిదిమంది గదిలో పడుకుని నాలుగింటికి లేచి బస్సు పట్టే మేస్త్రీ, ఇద్దరూ ఒకే మసీదు బాంగు వింటారు, ఒకే కరక్ చాయ్ కొట్టు దగ్గర ఆగుతారు. కానీ ఇద్దరి ఊరూ ఒకటి కాదు. ఆ గేటుకు ఇవతలా అవతలా నాకు స్నేహితులున్నారు, అందువల్ల ఈ మాట బాధతోనే రాస్తున్నాను.

2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 గంటల నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నియమం. అంతకు ముందు కూడా నిషేధం ఉంది గానీ గంటలు తక్కువ. తేదీలు చూడండి. ముత్యాల పడవలు సముద్రంలో ఉన్న నాలుగు నెలలూ దాదాపు అవే. అదే ఎండకు అప్పుడు మనుషుల్ని నీళ్ళలోకి దింపారు, ఇప్పుడు నీడకు పంపుతున్నారు. మూడు వేల ఏళ్ళ ఈ ఊరి చరిత్రలో పనివాడి ఒంటి గురించి వేసిన అడుగుల్లో ఇది మంచిదని నేననుకుంటాను. ఇంకా వేయాల్సినవి ఉన్నాయి.

మాది క్యాథలిక్ కుటుంబం. యానాంలో సెయింట్ ఆన్స్ చర్చి గంట వింటూ లేచేవాళ్ళం. ఊరి మధ్యలో చర్చి, దాని చుట్టూ వీధులు. ఫ్రెంచివాళ్ళకు ఊరంటే అదే నమూనా. ఇక్కడ ఊరి మధ్య మసీదు, దాని చుట్టూ ఇళ్ళు, దాన్ని అర్థం చేసుకోవడం నాకు కష్టం కాలేదు. పూజకు మాత్రం దోహా దాటి మెసైమీర్ వెళ్ళాలి. అమీర్ ఇచ్చిన స్థలంలో కట్టిన రోజరీ మాత చర్చిని 2008 మార్చిలో ప్రతిష్ఠించారు. బయట శిలువ కనబడదు, గంట మోగదు. లోపల శుక్రవారం వేల జనం. వారాంతం శుక్రవారం కాబట్టి మాకు ఆదివారం పూజ శుక్రవారానికి మారింది. బస్సులో పోనూ రానూ గంటన్నర పైనే. దారిలో పిల్లలు రోజరీ చెప్పుకుంటూ నిద్రపోయేవాళ్ళు. ఆ ప్రయాణాలే మా ఇంటి చరిత్రలో సగం.

2022లో ప్రపంచం మా ఊరికి వచ్చింది. ఊరి అంచున అల్ బైత్ స్టేడియం కట్టారు, 60,000 మంది పట్టేది, ఎడారి సంచారుల నల్ల గుడారం ఆకారంలో. లోపలి గోడలకు సదూ నేతలోని ఎర్రటి గీతలు. నవంబరు 20న ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు మొదటి ఆట అక్కడే. ఈక్వెడార్ 2, ఖతర్ 0. ఆ రాత్రి ఊరి వీధుల్లో ఎవరూ మాట్లాడుకోలేదు. ఆతిథ్య దేశం మొదటి ఆట ఓడిపోవడం అదే మొదటిసారి. నాకు మాత్రం ఆ గుడారాన్ని చూసినప్పుడల్లా దాని ఇనప పనిలో మూడేళ్ళు చేసిన ఇద్దరు మనవాళ్ళు గుర్తొస్తారు. ఒకతను నిజామాబాద్ జిల్లా, ఇంకొకతను రాజోలు వైపు. ఆటకు ముందే కాంట్రాక్టు అయిపోయి ఇద్దరూ వెళ్ళిపోయారు. మొదటి ఆట టీవీలో చూస్తూ రాజోలు అతను ఫోన్ చేశాడు. "అన్నా, ఎడమవైపు పైన మూడో దూలం చూడు, అది మేం ఎత్తిందే" అన్నాడు. నేను అక్కడే ఉండీ ఆ దూలం ఏదో పోల్చుకోలేకపోయాను. అతను మూడు వేల కిలోమీటర్ల అవతల నుంచి చూపించాడు.

డిసెంబరు 14న అదే స్టేడియంలో, సెమీ ఫైనల్‌లో ఫ్రాన్సు మొరాకో మీద 2-0తో గెలిచింది. యానాంలో ఇప్పటికీ ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలున్నాయి. అక్కడ ఒక పెద్దాయన ఆ రాత్రి మేలుకుని ఆట చూశారని తర్వాత విన్నాను. ఊదా దీవి తవ్విన ఫ్రెంచి బృందానికి ఈ ఊరిలోనే ఇంత పెద్ద ఫ్రెంచి పండగ జరుగుతుందన్న ఊహ ఉండి ఉండదు.

నత్త, ముత్యం, గ్యాసు. మూడుసార్లూ ఈ ఊరికి అన్నం సముద్రం అడుగు నుంచే వచ్చింది. మూడుసార్లూ సరుకు దూరదేశాలకు పోయింది. నత్తలవాళ్ళు గుల్లల దిబ్బ మిగిల్చారు. ముత్యాలవాళ్ళు రేవు, బురుజులు, పాటలు మిగిల్చారు. గ్యాసుకు గుల్ల ఉండదు. చల్లబరిచి ఓడకు ఎక్కిస్తే వెనక ఏమీ మిగలదు. పనిచేసినవాళ్ళం కూడా వీసా అయిపోయిన రోజున సూట్‌కేసుతో వెళ్ళిపోతాం. ముప్పై ఏళ్ళున్నా ఇక్కడ మా సమాధి ఉండదు, ఇంటి గోడ మీద పేరుండదు. మా తరం దిబ్బ ఏది?

ఆ ప్రశ్నతోనే 2019లో ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. మన తెలుగువాళ్ళలో అల్ ఖోర్‌లో ఎవరు ఏ ఏడు వచ్చారు, ఏ వీధిలో ఉన్నారు, ఏం పని చేశారు, ఎప్పుడు వెళ్ళారు అన్నది రాస్తున్నాను. 1990లలో ఊరికి వచ్చిన మొదటివాళ్ళలో కొందరిని ఇండియాలో వెతికి పట్టుకుని ఫోన్లో అడిగాను. అప్పట్లో కార్నిష్ రోడ్డు ఇంత వెడల్పు లేదట, చేపలు ఒడ్డునే ఇసుక మీద పోసి అమ్మేవారట. తెలుగువాళ్ళవే ఎందుకు అని మలయాళీ మిత్రుడొకరు అడిగి, తన వాళ్ళవి తను మొదలుపెట్టాడు. ఇక్కడి బడుల్లో చదివే పిల్లల్ని ఏడాదికొకసారైనా ఊదా దీవికి నడిపించి ఆ గుల్లల్ని చూపించాలని అడుగుతున్నాను. గుల్లలు ఇంటికి తెచ్చుకోకూడదని కూడా చెప్పాలి. ఒక్కొక్కటీ ఒక మనిషి దెబ్బ కాబట్టి.

నోట్‌బుక్‌లో చివరగా రాసినది ఇది. రేవు గట్టున గర్‌గూర్ బుట్టలు అల్లే తమిళ పెద్దాయన మే నెలలో ఇంటికి వెళ్ళిపోయారు. వచ్చి ముప్పై ఒక్క ఏళ్ళట. వెళ్ళే ముందు రోజు మా అమ్మాయి ఆయన పక్కన కూర్చుని, బుట్ట నోటి దగ్గర తీగ ముడి ఎలా తిప్పుతారో ఫోన్లో తీసింది. పదకొండు నిమిషాలు. రెండుసార్లు ముడి విప్పి మళ్ళీ వేసి చూపించారు.